పుస్తకంలో ఏడు దారాలు

యజ్ఞనారాయణ తండ్రి పులివెందులలో పూజారి. తెల్లవారి గుడి తలుపు తీయగానే మొదటి పని నిన్నటి పూలు తీసేయడం. ఒక్క రేకు మిగిలినా తండ్రి ఊరుకునేవాడు కాదు. యజ్ఞనారాయణకు మంత్రాలు నోటికి రాలేదు. ఆ పని మాత్రం చేతికి వచ్చింది.

పెద్దయ్యాక ఆయన జమ్మలమడుగులో గ్రంథాలయం ఉద్యోగంలో చేరాడు. పెన్న వైపు పోయే దారిలో రెండు గదుల అద్దె ఇల్లే గ్రంథాలయం. ముందు గదిలో పత్రికలు, వెనక గదిలో బీరువాలు. తిరిగి వచ్చిన ప్రతి పుస్తకాన్నీ ఆయన తలకిందులు చేసి బల్ల మీద విదిలించేవాడు. బస్సు టికెట్లు, అగ్గిపుల్లలు, తమలపాకు ఈనెలు రాలేవి. వాటిని చెత్తబుట్టలో వేసి, పుస్తకం తుడిచి, దాని చోట పెట్టేవాడు. ఇక్కడ పుస్తకాలు శుభ్రంగా ఉంటాయని తనిఖీకి వచ్చినవాళ్ళు రాసిపోయేవారు. ఉద్యోగంలో ఆయనకు దక్కిన మెప్పు అదొక్కటే.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన మరుసటి ఏడాది పై ఆఫీసు ఒక బీరువా పంపింది. అందులో నలభై ఒక్క ఉర్దూ పుస్తకాలు. ఆయనకు ఉర్దూ రాదు. వెంట ఒక కాగితం వచ్చింది. ఈ భాష పాఠకులకు ఏమి కావలెనో విచారించి తెలుపవలెను. మూడేళ్ళలో అయిదుగురు పాఠకులైనా లేనియెడల పుస్తకములు వెనుకకు తీసుకొనబడును.

ఆయన విచారించాడు. మొదట అత్తరు అంగడి జియావుల్లా దగ్గరికి పోయాడు.

"మావాళ్ళకు ఏం గావాలనో నాకెట్ల తెలుస్తాది సామీ," అన్నాడు జియావుల్లా సీసాకు మూత పెడుతూ. "మంచి పుస్తకాలు తెప్పియ్యండి. కాలం చెడ్డది."

"మీరొచ్చి చదువుతారా?"

"అంగడి ఇడ్సిపెట్టి వచ్చే తీరిక యాడిది?"

ఇంకా పదకొండు మందిని అడిగాడు. అందరూ మగవాళ్ళు. అందరూ మర్యాదగా మంచి పుస్తకాలే కావాలన్నారు. ఆయన 'మంచి పుస్తకములు' అని రాసి పంపాడు. ఆ తర్వాత వాళ్ళెవరూ గడప తొక్కలేదు.

వచ్చింది అబ్దుల్ సత్తార్ ఒక్కడే. సైకిలు మీద పల్లెలు తిరిగి గుడ్డలు అమ్మేవాడు. పదిహేను రోజులకొకసారి ఒక పుస్తకం తీసుకుపోయి, గడువు లోపల తెచ్చి ఇచ్చేవాడు. రిజిస్టరులో వేలిముద్ర వేసేవాడు.

"నీకు చదువు రాదు గదప్పా. ఇవెవరికి?" అని ఒకసారి అడిగాడు యజ్ఞనారాయణ.

"మా అక్కకు సామీ, దిల్షాద్‌బీకి. చిన్నప్పుడు కడపలో చదువుకునింది. మొగుడు పోయినాక మా ఇంట్లోనే ఉండాది." సత్తార్ నవ్వు ఆపుకున్నాడు. "మీరు తేదీల చీటీ ఆఖరి పేజీలో అంటిచ్చినారంట. ఉర్దూ పుస్తకం కుడిపక్కనుంచి గదా మొదలు. సామి పుస్తకాన్ని కాళ్ళ తట్టునుంచి పలకరిస్తాండాడు అని ఒకటే నవ్వుతాది."

ఆ సాయంత్రమే యజ్ఞనారాయణ నలభై ఒక్క చీటీలూ తడిపి ఊడదీసి, రెండో వైపు అంటించాడు. తన వల్ల జరిగిన తప్పు అదొక్కటే అనుకున్నాడు.

సత్తార్ తెచ్చే పుస్తకాల్లోంచి దారాలు రాలేవి. ఎర్రవి, పచ్చవి, నల్లవి, జానెడు ముక్కలు. సత్తార్ ఉండే వీధి నిండా మగ్గాలే. దారం ఎక్కడైనా చిక్కుకుంటుంది. ఆయన వాటినీ చెత్తబుట్టలో వేశాడు.

మూడో ఏడు ఇరవై ఏడో నంబరు పుస్తకం, దళసరిది, నాలుగోసారి సత్తార్ ఇంటికి పోయి మూడు నెలలైనా రాలేదు. మార్చి వచ్చింది. నెలాఖరుకు పాఠకుల జాబితా పంపమని పై ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. జాబితాలో రాయడానికి ఒకే పేరుంది.

రెండు రోజుల తర్వాత సత్తార్ వచ్చాడు. పుస్తకం గుడ్డలో చుట్టి తెచ్చాడు.

"ఆలస్యమైంది సామీ. అక్క పోయింది. జ్వరం. నలభయ్యో దినం కూడా అయిపోయింది."

 యజ్ఞనారాయణ చేతులు అలవాటుగా తమ పని చేశాయి. పుస్తకం అందుకుని తలకిందులు చేసి విదిలించాయి.

సత్తార్ చేయి చాపాడు. అప్పటికే రాలిపోయాయి. బల్ల మీద ఏడు దారాలు, ఏడు రంగులు.

"మీరేనా సామీ తీసేస్తాండేది," అన్నాడు.

"ఏందివి?"

"అక్క కాడ ఏడుగురు ఆడోళ్ళు కూచుంటాండ్రి. మగ్గాలకు దారం కండెలు చుట్టుకుంటా వింటారు. చెయ్యికి పని, చెవికి కత. ఒక్కరికీ చదువు రాదు. ఎవురికి యా మాట పట్టుకుంటే ఆడ ఆపిచ్చి, వాళ్ళ దారం పెట్టిచ్చుకుంటారు. మళ్ళా పుస్తకం తెచ్చినప్పుడు ఆ చోటు ఇంగోతూరి చదివిచ్చుకోవల్లని. తెచ్చిన ప్రతిసారీ దారాలుండవు. ఆఫీసువాళ్ళకు ఇష్టం లేదేమో, అడగొద్దులేరా అనింది అక్క. మళ్ళా మొదట్నుంచి చదివేది. మళ్ళా పెట్టేది."

యజ్ఞనారాయణ రిజిస్టరు తెరిచాడు. ఇరవై ఏడో నంబరు ఎదుట నాలుగు తేదీలు ఉన్నాయి. ఇన్నాళ్ళూ ఆయన వాటిని చూసి, ఆమెకు మతిమరుపేమో అనుకున్నాడు.

మరునాడు పుస్తకం, దారాలు తీసుకుని సత్తార్ ఇంటికి పోయాడు. రాట్నాలు ఆగాయి. వాకిట్లో నిలబడి, మూడేళ్ళ కిందట అంగళ్ళ ముందు అడిగిన మాటే అడిగాడు.

"మీకు ఎట్లాంటి పుస్తకాలు కావాలమ్మా?"

తెర వెనక నుంచి అందరికంటే పెద్దది హజరాబీ బదులిచ్చింది. "ఇప్పుడేంటికి సామీ? చదివేటామె లేదు."

"మీ ఏడుగురి పేర్లూ రాస్తే పుస్తకాలు నిలబడతాయి. చదివేవాళ్ళను వెతుకుదాం."

"పుస్తకాలకాడికి ఏంటికి పోతివే అని నా మొగుడు అడిగితే?" అంది లోపల ఒక గొంతు.

"నేను యాడికీ పోలేదు, పుస్తకాలే నడిచొచ్చినాయి అని చెప్పు," అంది హజరాబీ. "రాసుకో సామీ."

ఆయన ఏడు పేర్లు రాసుకున్నాడు. తర్వాత దారాలు తెర కిందుగా జరిపాడు. "మీ చోట్లు చెప్పండి. పెడతాను."

"నల్లది నాది," అంది హజరాబీ. "కోడలు బాయికాడికి పోతాది. నీళ్ళు చేదదు. కడవ దింపి ఊరికే కూచుంటాది. ఏం మాట్లాడదు. ఆడ."

ఆయన పేజీలు తిప్పాడు. అన్నీ ఒకేలా ఉన్నాయి. పుస్తకం లోపలికి ఇచ్చాడు. లోపల కూడా పేజీలు తిరిగిన చప్పుడు వినిపించింది. కాసేపటికి ఆగింది.

"జియావుల్లా చదువుతాడు. అడగనా?"

"మగోని నోట ఆ కోడలి మాట వినేదెట్ల సామీ? అదీగాక, వింటే అతను పుస్తకమే మంచిది గాదంటాడు." పుస్తకం తెర కింద నుంచి వెనక్కి వచ్చింది, దారాలు పైన పెట్టి. "ఆ చోట్లు చదివినామెకే తెలుసు. పోనీలే."

యజ్ఞనారాయణ జాబితా పంపాడు. చదువు వచ్చునా అన్న గడిలో, ఏడు పేర్ల ఎదుటా, 'విందురు' అని రాశాడు. ఏప్రిల్‌లో బదులు వచ్చింది. వినువారు పాఠకులు కారు. పుస్తకములు పంపవలెను.

ఆయన నలభై ఒక్క పుస్తకాలూ తుడిచాడు. ఇరవై ఏడో దాన్ని విదిలించలేదు. ఏ దారం ఎక్కడిదో తెలియక ఏడింటినీ కలిపి నడుమ పెట్టాడు. జాబితాలో దాని ఎదుట ఒక వాక్యం రాశాడు. ఇందులో ఏడు దారములున్నవి, తీయరాదు.

ప్రొద్దుటూరు మీదుగా పోయే బస్సు పైన పెట్టె కట్టించి, బస్సు కదిలేదాకా నిలబడ్డాడు.

వారానికి రసీదు వచ్చింది. నలభై ఒక్క పుస్తకములు అందినవి. అన్నియు శుభ్రపరచి భద్రపరచబడినవి.