ఊదక్క వీపు తట్టడం మానేసిన వైనం

ఆ ఆసుపత్రిలో ఊపిరితిత్తుల పరీక్ష గది మూడో అంతస్తులో, వరండా చివర ఉంటుంది. దారి అడగక్కర్లేదు, చెవులుంటే చాలు. "ఊదు! ఊదు! ఇంకా ఊదు! ఆపావంటే ఊరుకోను!" అనే కేక మెట్ల దాకా వినిపిస్తుంది. ఆ కేక వేసే టెక్నీషియన్‌కి అందుకే ఊదక్క అని పేరు పడిపోయింది. ఇరవై రెండేళ్ల ఉద్యోగంలో అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఎక్కడా మిగల్లేదు.

ఊదక్కకి కోపం ముక్కు మీద ఉంటుంది, ప్రేమ చేతిలో ఉంటుంది. పేషెంటు గొట్టం నోట్లో పెట్టుకుని ఊదడం మొదలుపెట్టగానే, ఒక్క సెకను గడిచేలోపే, ఆవిడ చెయ్యి వెళ్లి వీపు మీద ఒకటి తడుతుంది. దాంతో ఎంత నీరసపు మనిషైనా ఇంకాస్త లాక్కొస్తాడు. "అక్క చెయ్యి పడితే చచ్చినవాడు కూడా ఊదుతాడు" అని నర్సులు నవ్వుకునేవారు. ఆవిడకీ లోలోపల అది గొప్పగానే ఉండేది.

అలాంటి గదికి ఒక పెద్ద పరీక్ష వచ్చి పడింది. సిస్టిక్ ఫైబ్రోసిస్ అని, పుట్టుకతోనే ఊపిరితిత్తుల్లో జిగురులాంటి కఫం పేరుకుపోయే జబ్బు ఒకటుంది. దానికో కొత్త మందు పనిచేస్తుందో లేదో పదకొండు ఆసుపత్రుల్లో ఒకేసారి చూస్తున్నారు. పదకొండు చోట్లా పద్ధతి ఒకటే ఉండాలి. పేషెంటు కూర్చునే ఊదాలి, ముక్కుకి క్లిప్పు పెట్టాలి. రోజూ పొద్దున్నే మూడు లీటర్ల సిరంజితో గాలి తోసి, యంత్రం మూడే చూపిస్తోందా అని సరిచూసుకోవాలి. ఎనిమిది సార్లకు మించి ఊదించకూడదు, అందులో మూడు మచ్చ లేకుండా రావాలి. ఇంత చాదస్తం ఎందుకంటే, మందు తెచ్చే మేలు వందకి మూడో నాలుగో పాళ్లు. ఊదించేవాళ్ల తేడా అంతకంటే ఎక్కువైతే మెరుగుపడింది రోగి ఊపిరో, టెక్నీషియన్ గొంతో ఎవరు చెప్పగలరు?

ఊదిన తీరు గీతగా అచ్చయ్యే కాగితాలన్నీ దూరాన ఒక పరిశీలకుడి దగ్గరికి వెళ్తాయి. రెండు నెలలు తిరక్కుండా ఆయన దగ్గర్నించి ఉత్తరం వచ్చింది. ఊదక్క పంపిన ఇరవైలో పదకొండు చెల్లవట. మొదటి సెకనులోనే దగ్గు కనిపిస్తోందట. తర్వాతి పదిలో తొమ్మిది సరిగ్గా రాకపోతే ఈ ఆసుపత్రిని తప్పిస్తారట.

"తప్పిస్తే మన పద్నాలుగు మంది పేషెంట్లకీ మందు ఆగిపోతుందమ్మా" అన్నాడు పెద్ద డాక్టరు.

"దగ్గా? నా గదిలో ఎవరైనా దగ్గితే నాకు వినపడదా సార్?" అని ఇంతెత్తున లేచింది ఊదక్క. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, ముందు తప్పు యంత్రం మీదికి నెట్టింది. పదిసార్లు సిరంజితో గాలి తోసింది. యంత్రం పదిసార్లూ మూడే చూపించింది.

ఆదివారం మధ్యాహ్నం భోజనాల బల్ల మీద ఆ పదకొండు కాగితాలూ పరుచుకుని కూర్చుంది. కొండ మీంచి దిగినట్టు సాఫీగా రావలసిన గీత, ప్రతి కాగితం మీదా ఒకేచోట గతుకు పడింది. బస్సు డిపోలో మెకానిక్‌గా చేసే భర్త చెయ్యి కడుక్కుని వచ్చి భుజం మీంచి తొంగిచూశాడు.

"ఇవన్నీ ఒక్కరివేనా?"

"పదకొండు మందివండీ. దగ్గంటున్నారు."

"దగ్గెట్లా అవుతుందే? తలో బండీ తలో చోట కుదుపుతుంది. అన్ని బండ్లూ ఒకేచోట కుదిపితే గొయ్యి రోడ్డులో ఉన్నట్టు."

ఊదక్క ఒక్క క్షణం గీతల వంక చూసి, తర్వాత తన కుడి చెయ్యి వంక చూసింది. "ఆ గొయ్యి నేనేనండీ" అంది. ఆ పూట ఆవిడకి అన్నం సయించలేదు. ఇరవై రెండేళ్ల గొప్ప అది. సిగ్గేసింది, ఏడుపూ వచ్చింది. కానీ సోమవారం పొద్దున్నే డాక్టరు దగ్గరికెళ్లి ఉన్నదున్నట్టు చెప్పి, పరిశీలకుడికీ రాయించింది.

తప్పు తెలిసినంత తేలిగ్గా చెయ్యి మాట వినదు కదా. మొదటి రోజే ఒకరి వీపు మీదికి వెళ్లనే వెళ్లింది, ఆ కాగితం తిరిగొచ్చింది. దాంతో ఊదక్క మొండికేసింది. ఊదించేటప్పుడు రెండు చేతులతో కాగితాలు పెట్టుకునే అట్ట పట్టుకుని, వేళ్లు తెల్లబడేలా బిగించేది. "ఏం అక్కా, మా మీద కోపమా?" అని అడిగారు పేషెంట్లు. "కోపమే, ఊదు" అనేది. అలా ఎనిమిది కాగితాలు చెల్లాయి, ఒకటి పోయింది. ఇక మిగిలింది పదోది. అది పిచ్చుకది.

పిచ్చుక అంటే తొమ్మిదేళ్ల పిల్ల. వాళ్లమ్మ స్కూలు బస్సు నడుపుతుంది, యూనిఫాంతోనే వచ్చి మూల కుర్చీలో కూర్చుంది. చెయ్యి పడితేగానీ పిచ్చుకకి ఊదడం రాదు. గొట్టం పట్టుకుని వీపు మీద దెబ్బ కోసం చూస్తుంది, పడకపోయేసరికి సగంలో ఆపేస్తుంది. ఏడుసార్లు అయ్యేసరికి రెండే మంచివి వచ్చాయి. పిల్ల పెదాలు పాలిపోయాయి. ఇంకొక్కటే మిగిలింది.

"అక్కా, అలవాటుపడ్డ పిల్ల. ఒక్కటి తట్టండి. నేనెవరికీ చెప్పను" అంది తల్లి, కుర్చీలోంచి లేచి.

"మీరు చెప్పరమ్మా, గీత చెప్తుంది."

ఆ మాట అనడానికి ఊదక్క ప్రాణం విలవిల్లాడింది. పిల్లని పది నిమిషాలు కూర్చోబెట్టింది. తర్వాత స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చుని, విడిగా ఉన్న అట్ట గొట్టం ఒకటి తన నోట్లో పెట్టుకుంది.

"ఇద్దరం ఊదుదాం. నాకంటే ముందు ఆపావో, చూస్కో!"

ఇద్దరూ గుండెల నిండా పీల్చారు, ఒక్కసారిగా వదిలారు. ఊదక్క మొహం కందగడ్డయింది, కళ్లు బయటికొచ్చాయి, మెడ నరాలు తేలాయి. పిచ్చుక ఆ మొహం మీంచి చూపు తిప్పలేదు. నాలుగు, అయిదు, ఆరు సెకన్లు. ముందు ఊపిరి అయిపోయింది ఊదక్కకే. పిల్ల ఇంకో సెకను లాగి ఆపింది. తెర మీద గీత గతుకు లేకుండా దిగింది.

కాగితం పంపించి, ముగ్గురూ వరండా బెంచీ మీద కూర్చున్నారు. గంటలోపే డాక్టరు పరిగెత్తుకొచ్చాడు. "చెల్లిందమ్మా! మనం ఉన్నాం!" పద్నాలుగు మందికీ మందు ఆగదు. ఊదక్క దండం పెట్టి, కళ్లు తుడుచుకుంది.

తల్లి మాత్రం కాగితం మీద అంకె చూస్తోంది. "పోయినసారి వందకి అరవై రెండు వచ్చిందక్కా. ఇప్పుడు యాభై ఎనిమిదేనా? జబ్బు ముదిరిందా?"

ఊదక్క తప్పించుకోలేదు. "జబ్బు సంగతి ఈ ఒక్క కాగితంతో తేలదమ్మా. కానీ ఆ అరవై రెండులో నా చెయ్యి కూడా ఉంది. ఎంతుందో నాకూ తెలీదు. ఇందులో మాత్రం లేదు. ఇక మందు ఏమాత్రం మేలుచేసినా ఇక్కణ్ణుంచి కనపడుతుంది."

పిచ్చుక తల్లి చేతిలోంచి కాగితం లాక్కుంది. "అయితే యాభై ఎనిమిదీ నావేనా?"

"అన్నీ నీవే."

పిల్ల ఆ కాగితం పట్టుకుని వరండా ఆ చివర నర్సు దగ్గరికి నడిచింది. "యాభై ఎనిమిది ఊదాను" అని చెప్పింది. "నేనొక్కదాన్నే."