ఆ రివిజన్ షీటు ఓబులేసు సార్‌ది

నిన్న పొద్దున ప్రేయర్ బెల్లుకు ముందు ఫోన్ చూసుకున్నాను. మా స్కూల్ స్టాఫ్ గ్రూపులో రెండు మెసేజీలు.

మొదటిది పదో తరగతి తెలుగు రివిజన్ షీటు. అలంకారాలు, ఛందస్సు, అపరిచిత గద్యాలు. రేపటికల్లా జిరాక్స్ తీయించి పిల్లలకు ఇవ్వాలట.

దాని కిందే రెండోది. ఓబులేసు సార్ ఇక లేరు. తెల్లవారుజామున, యాడికిలో వాళ్ళింట్లోనే, గుండెపోటు.

మళ్ళీ పైకి జరిపి చూశాను. పైన ఉన్న ఆ షీటు తయారు చేసింది ఆయనే.

ఆ సంగతి గ్రూపులో ఒక్కరూ అనలేదు. చేతులు జోడించిన బొమ్మలు వరసగా వచ్చాయి. నేనూ ఒకటి పెట్టాను.

తెలియనివాళ్ళ కోసం చెప్తున్నాను. ఓబులేసు సార్ అనంతపురంలో మా ప్రైవేట్ స్కూల్లో తెలుగు చెప్పేవారు. నేను ఎం.ఏ. పట్టా పట్టుకుని అక్కడ చేరాను. అలంకారాల లక్షణాలన్నీ నాకు కంఠతా వచ్చు. పిల్లలకు చెప్పడమే రాదు.

ఆయన క్లాసులో వెనక బెంచీ మీద కూర్చుని నేర్చుకున్నాను.

ఒకరోజు ఉపమాలంకారం చెప్తూ, "సొంతంగా ఒక ఉదాహరణ చెప్పండప్పా" అన్నారు.

ఒకమ్మాయి లేచి, "సార్ గుండు పెన్నేరు మాదిరి బోసిగా ఉండాది" అంది.

క్లాసంతా బిగుసుకుపోయింది. సార్ మెల్లిగా తల నిమురుకున్నారు.

"ఉపమేయం నా గుండు. ఉపమానం పెన్నేరు. మాదిరి అనేది ఉపమావాచకం. బోసిగా ఉండేది సమానధర్మం. నాలుగూ ఉండాయి కాబట్టి ఇది పూర్ణోపమ. కూర్చో తల్లీ. పెన్నేటికి ఎప్పుడన్నా నీళ్ళొస్తాయి, నాకు ఆ ఆశ కూడా లేదు."

ఆ బ్యాచ్‌లో పూర్ణోపమ మర్చిపోయినవాళ్ళు ఒక్కరూ లేరు.

ఇక అపరిచిత గద్యం. అందరం నేర్పేది ఒకటే కదా. ప్రశ్నలో ఉన్న మాట పేరాలో ఎక్కడుందో వెతుకు, ఆ వాక్యం ఎత్తి రాయి, మార్కులు పడతాయి.

సార్ ప్రతి పేరా కింద ఒక ఆఖరి ప్రశ్న పెట్టేవారు.

ఈ పేరాలో చెప్పనిది ఏమిటి?

ఒక పేరాలో వాన కురిసింది, రైతు సంతోషించాడు అని ఉంది. గార్లదిన్నె నుంచి బస్సులో వచ్చే ఒక పాప ఇలా రాసింది. "ఏ నెలలో కురిసిందో చెప్పలేదు. మా నాయన చెనక్కాయ పెరికి చేన్లో వేసినాక వాన వచ్చింది. కాయలు మొలకెత్తినాయి. మా నాయన సంతోషించలేదు."

సార్ ఆ పేపరు స్టాఫ్‌రూమ్‌కు తెచ్చి నాకు చూపించారు. "చూడమ్మా, ఈ పాప చదివింది. మనం వట్టి అక్షరాలు చూస్తాండాము." పూర్తి మార్కులు వేశారు.

అది కరస్పాండెంట్ దాకా వెళ్ళింది. మీటింగ్ పెట్టారు.

"ఏమప్పా ఓబులేసూ, ఆన్సర్ కీలో లేని ప్రశ్నకు మార్కులు ఎట్లేస్తావు? రేపు పేరెంట్స్ అడిగితే ఏం చూపిచ్చేది?"

"పాపను చూపిచ్చన్నా" అన్నారు సార్.

కరస్పాండెంట్ నా వైపు తిరిగారు. "మీరు ఎం.ఏ. కదమ్మా. మీరు చెప్పండి."

"పబ్లిక్ పరీక్షలో అలాంటి ప్రశ్న రాదు సార్" అన్నాను.

అది నిజమే. నేను అబద్ధం చెప్పలేదు. ఇన్నేళ్ళుగా నాకు నేను చెప్పుకుంటున్నది అదే.

జూన్‌లో స్కూలు తెరిచినప్పుడు ఆయన్ని రమ్మనలేదు.

ఆయన చేత్తో రాసిన రివిజన్ నోట్సు నా టేబుల్‌లో ఉండిపోయింది. కరస్పాండెంట్ దాన్ని టైప్ చేయమన్నారు, చేశాను. ప్రతి పేరా కింద ఆఖరి ప్రశ్న తీసేయమన్నారు, తీసేశాను. చివరి పేజీ అడుగున "కూర్పు: ఓబులేసు, యాడికి" అని ఉండేది. అక్కడ ఇప్పుడు స్కూల్ లోగో ఉంది.

పేరు తీసేయమని ఎవరైనా చెప్పారా, లోగోకు చోటు కావాలని నేనే తీసేశానా? సరిగ్గా గుర్తు లేదు. గుర్తు తెచ్చుకోవడం ఇష్టం లేదేమో.

తర్వాత ఒక్కసారే కలిశారు, తాడిపత్రి బస్టాండులో.

"మా మనవరాలు మీ షీటు తెచ్చిందమ్మా. అచ్చు బాగుండాది" అన్నారు. పేరు సంగతి ఎత్తలేదు. "ఆఖరి ప్రశ్న యాడ పోయింది?" అని మాత్రం అడిగారు.

"బస్సు వచ్చేసింది సార్" అన్నాను.

నిన్న సాయంత్రం స్కూల్ పేజీలో సంతాపం పెట్టారు. అంకితభావం గల ఉపాధ్యాయుడు. విద్యార్థులకు ఎనలేని సేవ చేశారు. స్వచ్ఛందంగా విశ్రాంతి తీసుకున్నారు. మూడు వాక్యాలు, బాగా పాత ఫోటో.

ఆయన నేర్పినట్టే చదివాను. ఈ పేరాలో చెప్పనిది ఏమిటి?

ఆయన విశ్రాంతి తీసుకోలేదు. ఆయన్ని తీసేశారు.

మీ పిల్లల బ్యాగుల్లో ఉన్న ఆ షీటు ఆయనది.

ఆ పేరు తుడిచిన చెయ్యి నాది.

ఇది ఆయన బతికుండగా రాయాల్సింది. పోయాక రాసేదాన్ని ధైర్యం అనొచ్చా? నాకు నమ్మకం లేదు. సోమవారం ఆఫీసు రూముకు పిలుస్తారు. పిలవనీ.

ఈరోజు జిరాక్స్‌కు ఇచ్చే ముందు ప్రతి పేరా కింద ఆఖరి ప్రశ్న పెన్నుతో రాశాను. లోగో పక్కన ఆయన పేరు, ఊరు రాశాను.

షీట్లు పంచుతుంటే ముందు బెంచీ పాప, "ఓబులేసు ఎవరు మేడమ్?" అని అడిగింది.

పీరియడ్ సరిపోలేదు.

సార్, ఆఖరి ప్రశ్న మళ్ళీ దాని చోటికి వచ్చింది. ఇక నిమ్మళంగా పడుకోండి.