నాలుగో చుక్క

చెన్నకేశవులుకు అనుమానం ఉగ్గుపాలతో వచ్చింది. ఉప్పు బస్తా విప్పితే లోపల తడి ఉందేమోనని మోచేతి దాకా చెయ్యి దూర్చి చూసేవాడు. తహసీలు బంట్రోతు నవ్వుతూ పలకరిస్తే, ఎందుకు నవ్వాడా అని ఆ పూటంతా మథనపడేవాడు. బస్తరు రాజ్యానికి కొసన, శబరి ఒడ్డున ఉన్న కొంటా బజారులో ఉప్పూ కిరసనాయిలూ నూలు చీరలూ అమ్ముతూ ఇరవై ఏళ్లు గడిపిన మనిషి. సరుకైనా సమాచారమైనా ఆ ఊరికి పడవ మీదే రావాలి, పడవ మీద వచ్చినదేదీ సగం నీళ్లు కలవకుండా రాదని ఆయన సిద్ధాంతం.

అలాంటివాడు లోకంలో నమ్మింది ఇద్దరినే. ఒకడు తమ్ముడు సుందరరావు. రెండోవాడు పడవ నడిపే కోస, ఏటి గట్టు మీద గుడిసె వేసుకున్న దొర్ల తెగవాడు. చెన్నకేశవులు భార్య పోయి పదేళ్లయింది, పిల్లలు లేరు. ఇంట్లో ఉండేది తమ్ముడూ, తమ్ముడి భార్య కమలాకుమారీ. సంతనాడు మధ్యాహ్నం బేరాలు సద్దుమణగగానే అన్నదమ్ములిద్దరూ "చింతపండు చూసొస్తాం" అని ఇంట్లో చెప్పి కోస గుడిసెకు పోయేవాళ్లు. అక్కడ కోస భార్య లక్కే కుండలో లందా పులియబెట్టి ఉంచేది. బియ్యంతో చేసే ఆ కల్లు తెల్లగా, పుల్లగా, చల్లగా ఉంటుంది, తాగినవాడికి తాగినట్టే తెలియదు, లేచి నిలబడితే తెలుస్తుంది. తాడిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారు, మరి చెన్నకేశవులు లందా తాగి చింతపండు అంటే కమలాకుమారి నమ్మిందా అంటే, నమ్మలేదు. నమ్మనట్టు చెప్పనూ లేదు. నెమ్మదైన మనిషి.

ఆ మధ్యాహ్నాలు సుందరరావువి. వాడికి సినిమా పిచ్చి. భద్రాచలంలో తిరునాళ్లకు డేరా సినిమా వస్తే ఒకే ఆటను నాలుగుసార్లు చూసి వచ్చి, కోస ఇంటి ముందు మొత్తం ఆడి చూపించేవాడు. రాజూ వాడే, రాణీ వాడే, గుర్రం కూడా వాడే. పాము కరిచిన రాజును ఒళ్లో పెట్టుకుని రాణి పావుగంట పాడిందని ఒకసారి ఆ పాటంతా పాడి వినిపించాడు.

"మా దిక్కు పాము గరిస్తే పాడరయ్యా, ఉరుకుతరు" అన్నాడు కోస. "ఆమె పాట పాడవట్కె సచ్చిండు ఆ రాజు."

చెన్నకేశవులు లందా పొలమారేదాకా నవ్వాడు. అనుమానపు మనిషికి నవ్వు అరుదు, అందుకే ఆ మధ్యాహ్నాలంటే ఆయనకు ప్రాణం.

తాగేముందు కోస ఒక పని తప్పకుండా చేసేవాడు. ఆకుదొప్ప వంచి మూడు చుక్కలు నేల మీద పోసేవాడు. ఒకటి తండ్రికి, ఒకటి తల్లికి, ఒకటి అమ్మవారు సోకి పోయిన కూతురు నందేకి. పోయినవాళ్లకు పెట్టకుండా తాగడమంటే వాళ్ల నోటి ముందునుంచి లాక్కోవడమేనని అతని లెక్క. "మా నాయనకు గూడ ఓ చుక్క పొయ్యి కోసన్నా" అని సుందరరావు ఒకనాడు సరదాపడితే కోస తల అడ్డంగా ఊపాడు.

"ఎవరి వోళ్లకు వాళ్లే పొయ్యాలె. నేను పోస్తే మీ నాయన తాగడు."

ఆ ఏడు దసరా తర్వాత సుందరరావు సినిమావాళ్లతో పోయాడు. డేరావాళ్లకు యంత్రం దగ్గర ఉండే మనిషి కావాలట. అన్న తిట్టాడు, బతిమాలాడు, దుకాణం మూసేసి రెండు రోజులు అన్నం మానేశాడు. అప్పటికే కమలాకుమారికి నెల తప్పింది. "కాన్పు నాటికి వచ్చేస్తా అన్నయ్యా" అని కోస పడవే ఎక్కి దిగువకు పోయాడు. రెండు జాబులు వచ్చాయి. మాఘమాసం తర్వాత అవీ రాలేదు.

చెన్నకేశవులు ఒక్కడే సంతనాడు గుడిసెకు పోవడం మొదలుపెట్టాడు. ఇంట్లో కూర్చుంటే కమలాకుమారి పొట్ట కనిపించేది, ఆమె అడగని ప్రశ్న వినిపించేది. ఇక్కడైతే కోసా తనూ కలిసి సుందరరావు చెప్పిన సినిమాలనే మళ్లీ చెప్పుకునేవాళ్లు, ఒక కథలోని రాక్షసుణ్ణి ఇంకో కథలోని పెళ్లిలోకి తెచ్చి. వాడి గొంతు లేని లోటు అలా పూడ్చుకున్నారు.

ఫాల్గుణంలో కోస చింతపండు వేసుకుని కూనవరం పోయాడు. దిగువకు ఒక రోజు, ఎగువకు మూడు రోజులు. తిరిగి వచ్చాక మొదటి సంతనాడు చెన్నకేశవులు చూస్తుండగా దొప్ప వంచాడు. ఒకటి. రెండు. మూడు. చెయ్యి ఒక్క క్షణం ఆగింది. నాలుగు.

'చెయ్యి వణికిందేమో' అనుకున్నాడు చెన్నకేశవులు. మరుసటి వారం మళ్లీ నాలుగు. ఆ పై వారమూ నాలుగే.

ఇక ఆయన నిద్ర చెడింది. ఎవరివాళ్లకు వాళ్లే పోయాలని చెప్పినవాడు కోసే. కోస ఇంట్లో కొత్తగా ఎవరూ పోలేదు, పోతే ఊరంతా డప్పు వినిపించేది. మరి ఆ చుక్క ఎవరికి? అనుమానం పెనుభూతం అంటారు, అది ఆయన నెత్తికెక్కి కూర్చుంది. కోస ఏటి మీద ఎవరినో ముంచేశాడా, వాడి పీడ తగలకుండా పోస్తున్నాడా? తనమీదే ఏదైనా చేయిస్తున్నాడా? సుందరరావును దించి వచ్చింది ఈ పడవే కదా. అసలు దించాడా? ఆ రెండు జాబులూ వాడు రాసినవేనా? ఇరవై ఏళ్ల స్నేహితుణ్ణి గురించి ఇలా అనుకోవడానికి సిగ్గు వేసేది, సిగ్గుపడుతూనే అనుకునేవాడు.

ఇంకోటి కూడా కనిపెట్టాడు. కోస సినిమా మాట ఎత్తడం మానేశాడు. పాము కరిచిన రాజు సంగతి తీస్తే "ఎండలు ముదిరినయి సావుకారీ" అనేవాడు. తమ్ముడి పేరు ఎత్తితే లేచి పడవ తాడు సరిచూసుకునేవాడు.

ఒకరోజు కోస ఇంట్లో లేని వేళ చూసి లక్కేను అడిగాడు.

"మీ ఇంట్ల ఎవరన్న పోయిండ్రా లక్కే ఈ మధ్యన?"

"ఏందట్లంటవ్? పోయినోళ్లు ముగ్గురే మాకు." ఆమె మొహం చిన్నబోయింది. "నువ్వు గూడ చూసినవా? నేనడిగితే చెప్పడు. కుండ దిక్కు తిరిగి కూసుంటడు."

పెళ్లానికే చెప్పలేదంటే సంగతి చిన్నది కాదు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకునేలా ఒక మాట వదలాలని చెన్నకేశవులు నిశ్చయించుకున్నాడు. వైశాఖంలో ఒక సంతనాడు, కోస నాలుగో చుక్క పోసి దొప్ప ఇంకా నోటి దగ్గరికి తేకముందే, అతని కళ్లలోకి సూటిగా చూస్తూ అన్నాడు.

"మా సుందరం చిట్టీ రాసిండు కోసా."

కోస చేతిలో దొప్ప అలాగే ఉండిపోయింది.

"ఎన్నడు రాసిండు?"

"పోయిన వారం. బాగున్నడంట."

భయపడతాడని ఎదురుచూశాడు చెన్నకేశవులు. కళ్లు తిప్పుకుంటాడని, మాట తడబడుతుందని ఎదురుచూశాడు. కోస దొప్ప పక్కన పెట్టాడు. రెండు చేతులతో మోకాళ్లు పట్టుకున్నాడు. నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో ముందు తెలియలేదు, తర్వాత చూస్తే రెండూను.

"బతికిండా! బతికిండా అన్నా!" ఇరవై ఏళ్లలో సావుకారి అనడమే గాని అన్నా అనడం అదే మొదలు. "మరి నేను కాల్చింది ఎవర్ని?"

చెన్నకేశవులు ఆపమన్నట్టు చెయ్యి ఎత్తాడు. కోస ఆగేలా లేడు. రెండున్నర నెలలు మోసిన బరువు దించుకుంటున్నవాడు ఎందుకు ఆగుతాడు?

"కూనవరం ఇసుకల డేరా ఏసిండ్రు. రీలు అంటుకుందంట. జనం ఉరికిండ్రు, యంత్రం కాడి పిలగాడు పెట్టెలు గుంజబోయి లోపల్నే ఉండె. నేను పడవ కాడికెల్లి ఉరికొచ్చేసరికి అయిపోయింది. మొకం తెల్వలే అన్నా. వోళ్లు వాని పేరు రాజు అంటున్నరు, ఏ ఊరోడో ఎవరికీ ఎర్కలే. పోలీసులొచ్చేలోపల ఏట్ల ఏసి పోదమంటున్నరు. నేను కాలు చూసిన. ఎడమకాలికి చిటికెనేలు లేదు. నాకు దిమాగు పోయింది. నా తమ్ముడన్న. గోచి కట్టినోనికి ఈ తమ్ముడేందని నవ్విండ్రు. కట్టెలు ఏరుకొచ్చి నేనే నిప్పు వెట్టిన. మీ కులపోనికి నేను వెట్టుడు తప్పే, ఎవరూ లేకపోయిరి మరి. తమ్ముడన్న నోటితోని ఉత్తగ ఎట్ల తాగుత? అందుకే పోసిన."

కళ్లు తుడుచుకుని మళ్లీ నవ్వాడు.

"కమలమ్మ ఉట్టి మనిషి గాదు. కాన్పయినంక చెప్దమనుకున్న. నీకు చెప్తే నీకు దాచుడు రాదు, నీ మొకమే చెప్తది. మనుషులకు అబద్ధం ఆడొచ్చు, పోయినోళ్లకు ఆడొద్దు గద. పోనీ, ఇన్ని వారాలు ఎవరో పరాయోనికి పోసిన. ఏలు లేని కాలు లోకంల ఇంకోటి ఉండదా? వానికి గూడ ఎవరూ లేరో ఏమో. తాగనీ." అని చెయ్యి చాచాడు. "చిట్టీ ఏది? సదువు అన్నా. ఏం సినిమా చూసిండంట?"

ఆ వేలు పోయింది చెన్నకేశవులు కళ్లముందే. తమ్ముడికి తొమ్మిదేళ్లప్పుడు దుకాణంలో ఇనుప తూకపు రాయి కాలి మీద పడింది. జారవిడిచింది తనే. లోకంలో ఇంకో కాలు ఉందో లేదో గాని, ఆ కాలు ఎవరిదో ఆయనకు తెలుసు.

"చిట్టీ లేదు కోసా."

"ఇంట్ల పెట్టినవా?"

"రాలే. నేనే ఉత్తగ అన్న."

కోస చెయ్యి చాచినట్టే ఉంది. లక్కే గుమ్మంలోకి వచ్చి, ఇద్దరి మొహాలూ చూసి అక్కడే ఆగిపోయింది. కోస ఆ చేతిని ఒళ్లోకి తీసుకున్నాడు.

"ఎందుకట్ల జేసినవ్?"

"నీమీద అనుమానం వచ్చింది."

"నన్నడగరాదా?" అన్నాడు కోస. అందులో కోపం లేదు. కోపం ఉంటే చెన్నకేశవులు కొంత తట్టుకునేవాడు.

ఆయన నేల మీద కూర్చుని నెత్తి కొట్టుకుంటూ ఏడ్చాడు. తమ్ముడు పోయినందుకు ఏడ్చాడు. తోబుట్టువు దగ్గర లేక పరాయిచేతి నిప్పుతో పోయాడని ఏడ్చాడు, ఆ చెయ్యి పరాయిది కానందుకు ఇంకా ఏడ్చాడు. ఆ చేతిని తను హంతకుడి చెయ్యి అనుకున్నాడు. కోస ఆయన వీపు మీద చెయ్యి వేసి కూర్చున్నాడు. అతను ఏడవలేదు. అతని ఏడుపు ఫాల్గుణంలోనే ఒకసారి అయిపోయింది, ఇప్పుడు రెండోసారి పోగొట్టుకున్నవాడికి ఏం చెయ్యాలో తెలియడం లేదు.

"కాన్పు దాక నోరు తెరవకు. నెల దినాలే. నీ మొకం మంచిగ పెట్టుకో" అని మాత్రం చెప్పి పంపాడు.

చెన్నకేశవులు గట్టెక్కి ఇంటి దారి పట్టాడు. ఏం చెప్పాలో మనసులో వల్లెవేసుకుంటూ నడిచాడు. చింతపండు బాగుంది, ఈసారి గింజ తక్కువ, కోసకు జ్వరం, అందుకే ఆలస్యం. మొహం కండువాతో గట్టిగా తుడుచుకున్నాడు. కమలకు పుట్టిల్లు లేదు, ఉన్నదల్లా తనే. నెలరోజులు దాచలేకపోతే తను ఎందుకూ పనికిరానివాడని తిట్టుకున్నాడు. ఇల్లు చేరేసరికి పొద్దు ఇంకా బాగానే ఉంది.

కమలాకుమారి అరుగు మీద కాళ్లు చాపుకుని చేటలో బియ్యం ఏరుతోంది. ఆయన్ను చూసి లేవబోయి, ఆగి, పైనుంచి కిందదాకా చూసింది.

"చింతపండు బాగుందమ్మా. ఈసారి గింజ తక్కువ" అన్నాడు. వల్లెవేసుకున్నట్టే, తడబడకుండా అన్నాడు. మొహం కూడా మామూలుగానే పెట్టాడు.

ఆమె మొహం చూడడం లేదు. ఆయన పంచె అంచునుంచి కారి అరుగు కింద మడుగు కడుతున్న నీళ్లను చూస్తోంది. జుట్టు నుదుటికి అంటుకుని ఉంది. చొక్కా, కండువా, మొలతాడు దాకా తడిసి ఉన్నాయి. అప్పుడుగాని చెన్నకేశవులుకు తెలియలేదు, తను దారిలో ఏట్లోకి దిగాడని. అయినవాళ్లు పోయిన కబురు వింటే కట్టుబట్టలతో మునగాలి. ఎవరూ చెప్పకుండానే కాళ్లు ఆ పని చేసేశాయి.

"పడవలోంచి జారాను" అన్నాడు.

కమలాకుమారి చేట కింద పెట్టింది. పొట్ట మీద ఒక చెయ్యి వేసుకుని, రెండో చేత్తో అరుగు స్తంభం పట్టుకుంది. ఆమె ఏడవలేదు, ఎవరని కూడా అడగలేదు.

"ఏ ఊళ్లో, బావగారూ?" అంది.

చెన్నకేశవులు తల దించుకున్నాడు.

"కూనవరంలోనమ్మా."