మూడో తీగ విప్పినవాళ్లకు

ఇంతవరకు నాకెవరూ జవాబివ్వలేదు. నార్త్ కరోలినాలోని ఈ మోరిస్‌విల్‌లో మా ఇళ్ల సంఘం వాట్సాప్ గ్రూపులో ఎవరి పిల్లి తప్పిపోయినా అరగంటలో సగం వీధి వెతకడానికి బయల్దేరుతుంది. నా రేడియో టవర్ గురించి అడిగితే మాత్రం బొటనవేలి బొమ్మ కూడా రాదు.

దూరదేశాల వాళ్లతో సరదాగా మాట్లాడుకునే హామ్ రేడియో కోసం పెరట్లో టవర్ నిలబెట్టేటప్పుడు, దాన్ని మూడు వైపుల నుంచి లాగిపట్టడానికి ఏ తీగలు మంచివని అడిగాను. అప్పుడూ అంతే. నేనే చదువుకుని, పైభాగానికి సిగ్నల్‌కు అడ్డురాని ఫైబర్ తాడు, కింద గడ్డి కోసే మిషన్ తగిలినా తెగని ఉక్కు తీగ ఎంచుకున్నాను. చివరలు మడిచి క్లాంపులతో బిగించాను. రెండు తీగలకు నా పెరట్లోనే చోటు దొరికింది. మూడోది కంచె దాటి సంఘం స్థలంలో దిగాలి. ఇవతలే దించితే మరీ నిటారుగా ఉండి, గాలి వీస్తే టవర్‌ను పట్టి ఉంచలేదు. అడిగితే ప్రెసిడెంట్, "పెట్టుకోండి అన్నా, ఎవరేమంటరు" అన్నాడు. మెయిల్‌లో రాసివ్వమంటే నవ్వాడు. ఆ నవ్వు నాకింకా గుర్తుంది.

వినాయక చవితికి ఆ స్థలంలోనే టెంట్ వేశారు. నేను ఆఫీసు పని మీద అల్ఫారెట్టా వెళ్లి వచ్చేసరికి, మూడో తీగ కట్టడానికి భూమిలోకి తిప్పి దించిన నా ఇనుప కడ్డీ లేదు. తీగను నైలాన్ తాడుతో టెంట్ గుంజకు కట్టేశారు. పైగా దానికి ప్లాస్టిక్ బంతిపూలు చుట్టారు. నిమజ్జనమయ్యాక టెంటూ పోయింది. తీగ నా కంచె మీద వేలాడుతోంది. నలుగురి ముందే ప్రెసిడెంట్‌ను అడిగాను.

"పిల్లల కాళ్లకి తగుల్తదని తీసినం అన్నా. ఇంకా రెండున్నయ్ గదా."

"రెండే ఉంటే అవి లాగే వైపు పడుతుందయ్యా. అటువైపు మా అమ్మాయి గది."

"రోజూ ఆకాశంతోనే మాట్లాడతరు గదా, గాలిని జర ఆగమని చెప్పండి."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. కడ్డీ క్లబ్‌హౌస్ స్టోర్‌రూమ్‌లో ఉందట. మళ్లీ దించాలంటే ఈసారి కమిటీ అప్రూవల్ కావాలట, మెయిల్ చేయాలట. చేశాను. మళ్లీ చేశాను. ఇప్పుడు తుఫాను కరోలినా వైపు తిరిగింది. టవర్ దించేవాళ్లు అది దాటాకే వస్తామన్నారు. ఒక్కణ్ణే దించబోతే నా మీదే పడుతుంది. టవర్ వంగిపోకుండా మిగిలిన రెండు తీగలూ కాస్త వదులు చేశాను. దాంతో చిన్న గాలికే పైభాగం ఊగుతోంది. అమ్మాయి పరుపు హాల్లోకి మార్చాం. "డాడీ, ఇట్ విల్ బీ ఫైన్ కదా?" అని అడిగింది. పరుపును కిటికీకి ఇంకాస్త దూరం జరిపాను.

ప్రెసిడెంట్ గారూ, స్టోర్‌రూమ్ తాళం మీ దగ్గరే ఉంది. మీ ఇంటి ముందు కార్లో కూర్చుని ఇది రాస్తున్నాను. లోపల లైటు వెలుగుతోంది. నా కడ్డీ ఇస్తారా, ఇవ్వరా? బయటికొచ్చి నోటితో చెప్పండి.