ఊ గారి ముప్పై ఎనిమిది హాజర్లు

పంతొమ్మిది వందల డెబ్భై నాలుగు జూలై మూడు నుంచి డిసెంబరు పదకొండు దాకా నేను రెండు చోట్ల రెండు రకాలుగా ఉన్నాను. బర్మా రాజధానిలో, తామ్వే పేటలోని మా హైస్కూలు పట్టీలో పదో తరగతి ఆడపిల్లను. అదే నగరంలోని ఒక కళాశాల రిజిస్టరులో మగ ఉపాధ్యాయుణ్ణి. వయసు తెలియదు, పెళ్లయిందో లేదో తెలియదు.

ఆ ఏడాది మా బడికీ ఆ కళాశాలకీ ఒక ఒప్పందం కుదిరింది. పదో తరగతిలో లెక్కలు బాగా వచ్చే పద్నాలుగు మందిమి బుధవారం మధ్యాహ్నం, శనివారం ఉదయం అక్కడికి వెళ్లి, మొదటి సంవత్సరం వాళ్లతో పాటు కూర్చుని సర్వే పాఠం నేర్చుకోవాలి. మొత్తం నలభై ఎనిమిది తరగతులు. ముప్పై ఆరింటికి హాజరైతే కోర్సు పూర్తయినట్టే. బడి అయ్యాక ఆ కళాశాలలో చేరితే నేరుగా రెండో సంవత్సరంలో కూర్చోవచ్చు.

ఆ మిగిలే ఒక్క ఏడాదే నాకు కావలసింది. ఇంట్లో నేను పెద్దదాన్ని, నా వెనక నలుగురు. నన్ను ఎంతవరకు చదివించేదీ మా నాన్న ఏళ్లలో చెప్పేశాడు: పది తర్వాత రెండు. సర్వే డిప్లొమాకు మూడేళ్లు పడుతుంది. ముప్పై ఆరు హాజర్లుంటే నేను సర్వేయర్నవుతాను. లేకపోతే లేదు.

ఇక పేరు సంగతి. బర్మా వాళ్లకు ఇంటిపేర్లుండవు, పేరు ముందు ఒక గౌరవ పదం ఉంటుంది. కుర్రవాడికి మౌన్, అమ్మాయికి మా, పెద్దావిడకు డో, పెద్దమనిషికి ఊ. మనం వెనక ‘గారు’ తగిలించినట్టు వాళ్లు ముందు తగిలిస్తారు. నా పేరు ‘ఊ’తోనే మొదలవుతుంది. బడి గుమస్తా జాబితా రాస్తూ నా పేరు ముందు ‘మా’ చేర్చబోతే నేను ఒప్పుకోలేదు. జనన పత్రంలో లేని అక్షరం చేరిస్తే రేపు నా కాగితాలు ఒకదానితో ఒకటి కలవవని పది నిమిషాలు వాదించాను. ఆయన విసిగిపోయి నేను చెప్పినట్టే రాశాడు.

ఆ జాబితా కళాశాలకు చేరింది. పదమూడు పేర్ల ముందు మౌన్ గాని మా గాని ఉంది. ఒక్క పేరు ముందు ఊ. దాని తర్వాత మిగిలిన రెండక్షరాలూ బర్మా పేరుగా చక్కగా సరిపోయాయి. పిల్లల్ని వెంటబెట్టుకొచ్చే మాస్టారు ఈయనే అని కళాశాల గుమస్తా అర్థం చేసుకున్నాడు. ఆయన కుర్చీలో నేనున్నా అలాగే అనుకునేదాన్ని.

మొదటి రోజు ఆ గుమస్తా రిజిస్టరు ముందు పెట్టుకుని మమ్మల్ని లెక్కపెట్టాడు. ముప్పై ఏళ్లుంటాయేమో, అప్పటికే నడినెత్తిన జుట్టు పలచబడింది. బర్మాలో మాస్టారిని సయా, మాస్టారమ్మను సయామా అంటారు.

“మీ సయా ఏరి?” అన్నాడు.

“ఏ సయా?”

ఆయన నా పేరు చదివాడు.

“అది నేనే,” అన్నాను.

ఆయన రిజిస్టరు చూశాడు, నా రెండు జడలు చూశాడు. “నువ్వు సయావా?”

“కాదు. అది నా పేరు. ఊ కూడా పేరులోదే.”

“ఊ పేరులోది ఎలా అవుతుంది? ఊ అంటే ఊయే.”

“అయితే సరిచేయండి.”

“సిరాతో రాసింది సరిచేయాలంటే వెంట వచ్చే సయా సంతకంతో ఉత్తరం కావాలి.”

“ఆ సయా నేనే కదా. నేను రాసిస్తాను.”

“రాసియ్యి,” అని కాగితం ఇవ్వబోయి వెనక్కి లాక్కున్నాడు. “వద్దు. సంతకం పెడితే నువ్వు సయావని ఒప్పుకున్నట్టవుతుంది. సయావైతే ఇక ఇందులో సరిచేయాల్సిన తప్పేముంది?”

ఇద్దరం చాలాసేపు దాని చుట్టూ తిరిగాం. చివరికి, సంగతి తేలేదాకా సయా గడిలోనే సంతకం పెట్టమన్నాడు. కనీసం హాజరు పోదు. పెట్టాను. ఆ గడి పక్కన ఇంకో గడి ఉంది, ‘రాని విద్యార్థుల పేర్లు’ అని. అది కూడా సయాయే నింపాలి. నింపాను. ఎందుకైనా మంచిదని నా సొంత పుస్తకంలో కూడా రాసుకునేదాన్ని, ఆలస్యంగా వచ్చినవాళ్ల నిమిషాలతో సహా.

దీనివల్ల నాకు స్నేహితులు పెరగలేదు. ఉన్న ఒక్కతి మా బెంచీ పిల్ల. తామ్వేలో ఉండే తెలుగు బాప్టిస్టు కుటుంబం వాళ్లది. ఒకనాడు నా భుజం మీంచి పుస్తకంలోకి చూసింది.

“ఏటే, మూడు నిమిషాలకే రాసీసినావా?”

“మూడు కాదు, నాలుగు.”

“నీకు మొగుడుగా వచ్చినోడు గడియారం అమ్ముకుని పారిపోతాడు.”

మా ఇల్లు లమ్మడా పేటలో నాలుగో అంతస్తు. మా నాన్న ఓడరేవులో బస్తాల లెక్క రాసే గుమస్తా. సంగతి విని అన్నం ముందు కూర్చునే అడిగాడు. “అయితే ఓలమ్మీ, మీసాలెప్పుడొస్తాయంట?”

“రిజిస్టరు సరిచేసినాక రావు నానా.”

“తొందరపడకు. మనింట్లో మేస్టరయినోడు ఒక్కడైనా ఉన్నాడా?”

సర్వే పాఠం చెప్పే ముసలాయన కూడా ఈ హాస్యంలో చేరాడు. తరగతిలో నన్ను “సయా, గొలుసు పట్టు” అనేవాడు. నేల కొలిచే ఆ గొలుసు ఇంగ్లీషు వాళ్ల కాలం నాటిది. నూరు లింకులుండాలి, తొంభై ఏడే ఉన్నాయి. దేశంలోకి బయటి సరుకు రావడం ఆగిపోయి పన్నెండేళ్లు, మూడు లింకులు ఎక్కణ్ణుంచి వస్తాయి? అరవై ఆరడుగుల గొలుసు అరవై నాలుగడుగుల పావంగుళమైంది. మొదటి సంవత్సరం వాళ్లు కొలిచిన కళాశాల మైదానం ప్రతిసారీ ఉన్నదానికంటే పెద్దదిగా వచ్చేది. తేడా లెక్కగట్టి తగ్గించే పని నాకిచ్చాడు. అంత సంతోషంగా నేను ఏ పనీ చేయలేదు.

ఆగస్టులో మా ప్రధానోపాధ్యాయురాలు కళాశాలకు ఉత్తరం రాసింది. ఆ పేరుగల ఉపాధ్యాయుడు మా బడిలో లేడు, రిజిస్టరు చూసుకోగలరు అని. పద్దెనిమిది రోజులకు జవాబొచ్చింది. ఊ గారు మీ బడిలో లేకపోవడం సహజమే, బుధ శనివారాల్లో ఆయన ఇక్కడ ఉంటున్నారు, ఆయన క్రమశిక్షణ మాకెంతో నచ్చింది అని ఉంది. అక్టోబరులో ఊ గారికి ఆహ్వానం కూడా వచ్చింది. పెళ్లయిన మాస్టార్లకూ పెళ్లికాని మాస్టార్లకూ ఫుట్‌బాల్ పోటీ, మీరు ఏ జట్టో తెలియజేయగలరు.

“పెళ్లికానోళ్లలో రాయించు,” అన్నాడు నాన్న. “నిజమే గదా.”

డిసెంబరు నాలుగు, బుధవారం నాటికి నలభై తరగతులు జరిగాయి. జ్వరంతో రెండు పోయాయి. నా సంతకాలు ముప్పై ఎనిమిది. కావలసినదానికి రెండు ఎక్కువే.

మర్నాడు, గురువారం, విదేశంలో పెద్ద పదవి చేసి అక్కడే చనిపోయిన ఒక బర్మా పెద్దాయన శవపేటిక మా తామ్వే గుర్రప్పందాల మైదానంలో ఉంది. ప్రభుత్వం ఆయనకు తగిన గౌరవం ఇవ్వడం లేదని కాలేజీ విద్యార్థులు పేటికను ఎత్తుకుని విశ్వవిద్యాలయానికి తీసుకుపోయారు. ఊరంతా వాళ్ల వెనక కదిలింది. ఏడో తేదీ శనివారం సర్వే తరగతికి మా పద్నాలుగు మందిలో ఐదుగురమే వచ్చాం. మిగిలిన తొమ్మిది మంది అక్కడికి పోయారు, మా బెంచీ పిల్లతో సహా. కళాశాల గుమస్తా కూడా రాలేదు. రిజిస్టరు బీరువాలో ఉండిపోయింది, తాళం ఆయన దగ్గర. నేను నా పుస్తకంలో రాసుకుని ఇంటికొచ్చేశాను.

పదకొండో తేదీన సైన్యం విశ్వవిద్యాలయంలోకి వచ్చింది. కాల్పులు, అరెస్టులు. నగరంలో సైనిక శాసనం పెట్టారు. కళాశాలలు మూశారు, బడికి కొన్నాళ్లు సెలవిచ్చారు.

బడి తెరిచిన రెండో రోజు ప్రధానోపాధ్యాయురాలు నన్ను గదిలోకి పిలిచి తలుపు వేసింది. బల్ల మీద ఊ గారి పేరిట ఉత్తరం ఉంది. పై వాళ్లు కోరిన మీదట, ఏడో తేదీన తరగతికి రాని విద్యార్థుల పేర్లు వారం లోగా సంతకంతో, స్వయంగా వచ్చి ఇవ్వవలసింది.

“ఇది ఫుట్‌బాల్ కాదు,” అందావిడ.

“తెలుసు సయామా.”

“నీ హాజరు నీకు కావాలంటే నువ్వే ఆ ఊవని చెప్పుకోవాలి. చెప్పుకుంటే ఈ పేర్లు నువ్వే ఇవ్వాలి. ఇంటికెళ్లి ఆలోచించుకుని రా. నేనేమీ చెప్పను.”

ఉత్తరం సంగతి బడిలో పొక్కింది. మర్నాడు బడి వదిలాక మా బెంచీ పిల్ల నాలుగంతస్తులు ఎక్కి వచ్చింది. గుమ్మంలోనే అడిగింది. “రాసీసినావేటే?”

“ఏటి?”

“నా పేరు.”

“ఏడో తారీకునే రాసీసినాను. నా పుస్తకంలో.”

“అది కాదే. ఆళ్లకి ఇచ్చేదాన్లో.”

“ఇంకా నేదు.”

“అందరూ వచ్చారని రాసీ.”

“ఎలగ రాస్తాను? తొమ్మిదిమంది రానేదు.”

“నాను రానేదని నాకు తెల్దా?” అని, గుమ్మం దగ్గరే కూలబడింది. “నీకు నానెక్కువా, పుస్తకమెక్కువా?”

ఆ ప్రశ్న నన్ను అంతకుముందు ఎవరూ అడగలేదు. నేను జవాబు కోసం చూస్తున్నాను.

“అంతసేపు ఆలోచించకే. బయమేస్తంది,” అంది.

ఆమెకు మంచినీళ్లిచ్చి పంపించాను. సంతకం పెట్టి అబద్ధం రాయడం నాకు చేతకాదు. నిజం రాస్తే తొమ్మిది ఇళ్లకు మిలిటరీ జీపు వస్తుంది. ఊరికే ఉంటే వారం గడువు దాటాక ఆ జీపు ఊ గారిని వెతుక్కుంటూ వస్తుంది.

నాన్న డ్యూటీ నుంచి రాగానే అంతా చెప్పాను. ఆయన చొక్కా విప్పకుండానే విన్నాడు.

“ఇరవై రెండేళ్లయింది నాను బస్తాలు రాయబట్టి,” అన్నాడు. “ఎక్కువ రాయమంటే రాయను, తక్కువ రాయమంటే రాయను. అయితే ఓడే రానేదనుకో. అప్పుడు రాసీ పనే నేదు గదా.”

ఓడే రాలేదు. ఊ గారే లేరు. లేని మనిషి పేర్లెలా ఇస్తాడు? అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. ఆగస్టులో మా బడి రాసిన ఉత్తరం నకలు కూడా ఉంది.

“మరి నా ముప్పై ఎనిమిది, నానా?”

“అయ్యి ఆ ఓడతోనే పోతాయి.”

ఆయన చొక్కా విప్పి మేకుకు తగిలించాడు. ఎంతో సేపు తగిలించాడు.

“రెండేళ్లు సదివిస్తానన్నాను గదా. ఎప్పుడన్నాను?”

“ఏప్రిల్ పద్నాలుగు. ఆదివారం.”

“ఆదివారం నాకు డ్యూటీ నేదు. సెలవు రోజు రాసింది లెక్కనోకి రాదు. మూడని రాసుకో.”

మర్నాడు ఉదయం ప్రధానోపాధ్యాయురాలికి చెప్పాను, ఊ గారు లేరని. ఆవిడ వెంటనే కాగితం తీసుకుంది. ఈ పేరుగల ఉపాధ్యాయుడు మా బడిలో ఏనాడూ పనిచేయలేదు, ఈ సంగతి ఆగస్టులోనే తెలియజేశాము అని రెండు వాక్యాలు రాసి, బడి ముద్ర వేసింది. ఆ రెండు వాక్యాలతో నా హాజర్లన్నీ పోయాయి. విద్యార్థుల జాబితాలో నేను ఎలాగూ లేను. ఆ తర్వాత చాలా రోజులు మెట్ల మీద బూట్ల చప్పుడైతే నాన్నా నేనూ ఒకళ్ల ముఖం ఒకళ్లం చూసుకునేవాళ్లం. మూడో అంతస్తులో ఉండే పోస్టుమన్ తప్ప ఎవరూ రాలేదు. ఆ వేసవి పరీక్షలు పద్నాలుగు మందిమీ రాశాం.

కళాశాలలు మధ్యలో ఒకసారి తెరిచి మళ్లీ మూశారు. చివరికి డెబ్భై ఆరులో దరఖాస్తు పట్టుకుని వెళ్లాను. అదే గుమస్తా, అదే కుర్చీ. జుట్టు ఇంకా పలచబడింది.

“ఏ సంవత్సరంలో?” అన్నాడు.

“మొదటి సంవత్సరం.”

అప్పుడు తలెత్తి చూశాడు. లేచి, బీరువా అడుగు అరలోంచి పాత రిజిస్టరు తీసి నా ముందు తెరిచాడు.

“ఈయన లేడని మీ బడి రాసిచ్చింది. కానీ ముప్పై తొమ్మిది సంతకాలు పెట్టాడు. రిమార్కుల గడిలో ఏం రాయాలో తెలియక అలాగే వదిలేశాను.”

“ముప్పై ఎనిమిది,” అన్నాను.

“ముప్పై తొమ్మిది. రెండుసార్లు లెక్కపెట్టాను.”

ఇద్దరం వేలు పెట్టి లెక్కపెట్టాం. అక్టోబరులో వాన చుక్క పడి ఒక సంతకం రెండు గడుల్లోకి పాకింది. ఆయన దాన్ని రెండుగా లెక్కేశాడు. ముప్పై ఎనిమిదే.

“ఏడో తేదీది కూడా ఉందేమో అనుకున్నాను,” అన్నాడు.

“ఏడో తేదీన రిజిస్టరు బీరువాలో ఉంది. తాళం మీ దగ్గర ఉంది.”

ఆయన తలుపు వైపు చూసి, గొంతు తగ్గించాడు. “ఆ రోజు రానివాళ్ల పేర్లు నువ్వు ఎక్కడైనా రాసుకున్నావా?”

“రాసుకున్నాను. మా ఇంట్లో ఉంది.”

“ఎంతమంది?”

“పదిమంది.”

“తొమ్మిదిమంది కదా పిల్లలు?”

“పిల్లలు తొమ్మిదిమందే.”

ఆయన పెన్ను మూత తీసి, పెట్టి, మళ్లీ తీశాడు. తర్వాత రిజిస్టరు మూసి పక్కన పెట్టి, నా దరఖాస్తు లాక్కుని, ఇంకో ప్రశ్న అడగకుండా తనే నింపడం మొదలుపెట్టాడు. పుట్టిన తేదీ ఒక రోజు తప్పు రాశాడు. అక్కడ మాత్రం ఆపాను.