స్టిక్కరు కింది ధర

ఆయన బొటనవేలి గోరు గుర్తొస్తే నాకిప్పటికీ చిరాకే. చిలకలగూడలో మా వీధి చివర టిఫిన్ సెంటర్ నడిపే ఆ అన్నా, నేనూ కలిసి ఇస్తాంబుల్ టూర్‌కి వెళ్ళాం. అక్కడ ధరలు ఎంత తొందరగా పెరుగుతున్నాయంటే, హోటళ్ళవాళ్ళు మెనూ కార్డులు మార్చలేక పాత ధర మీద స్టిక్కర్లు అంటించుకుంటూ పోతున్నారు.

అన్న కూర్చుంటేగా! గుమ్మం దగ్గరే నిలబడి, గోటితో స్టిక్కరు గీకి కింది ధర చూసేవాడు.

"అరె, లేట్ అయినం తమ్మీ! జెర ముందుకు పోయి సూద్దాం పా."

ఆకలికి నాకు కళ్ళు తిరిగేవి. ఆయన కాళ్ళు మాత్రం ఆగేవి కావు.

చివరి రోజు మధ్యాహ్నం ఒక చిన్న సూప్ హోటల్లో యజమానురాలు ఆ గోటిని చూసేసింది. తిడుతుందనుకున్నాను. ఆమె తన ఫోన్‌లో ఏదో చెప్పి మా వైపు తిప్పింది. ఫోన్ తెలుగులో పలికింది: "గీకకండి. ఆ ధర కోసం నేను కూడా వెతుకుతున్నాను."

అన్న చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఏ ధరా చూడకుండా కూర్చున్నాడు. గిన్నె ఖాళీ అయ్యేదాకా తలెత్తలేదు.

నిన్న ఆయన టిఫిన్ సెంటర్‌కి వెళ్ళాను. బోర్డు మీద ఇడ్లీ ధర దగ్గర కొత్త కాగితం అంటించి ఉంది. ఎవరో దాని అంచుని గోటితో లేపి చూస్తున్నాడు. అన్న చేతిలో గరిటెతోనే బయటికొచ్చాడు. కొడతాడేమోనని నేను లేచాను.

"గీకకు భాయ్," అన్నాడు మెల్లగా. "నేను సుత దాన్నే దేవులాడుతున్న."