చంద్రుడి మీద బోరు

కర్నూలులో ఉద్యోగం చేసేటప్పుడు నేను కల్లూరులో మా అన్న ఇంట్లో ఉండేవాణ్ణి. మా వదినకూ నాకూ ఒకటే పిచ్చి: మాయారాజ్యాల నవలలు, గ్రహాంతర యాత్రల నవలలు. ఏది తెచ్చినా నాకంటే ముందు ఆమే చదివేసి, పేజీల మధ్య వేలు పెట్టుకుని అదే ప్రశ్న అడిగేది.

"ఏమప్పా, వీళ్ళకు నీళ్ళు యాడివి?"

ఎర్రగుంట్ల పక్క మెట్టపొలాల్లో పెరిగిన మనిషి మరి. ఎంత గొప్ప మాయానగరమైనా ఆమె ముందు నిలిచేది కాదు. "అంత కోట కట్టినారు, ఒక్క బాయన్నా తవ్వలేదే!" అనేసేది.

నేను ప్రాణంగా చూసుకునే డ్రాగన్ నవల గురించి ఒకసారి షేర్ ఆటోలోనే గొడవపడ్డాం.

"అంత నిప్పు కక్కేదానికి దప్పి గాదా?" అంది వదిన.

ఎదురుగా టమోటాల గంపతో కూర్చున్న ఒక పెద్దావిడ వెంటనే వదిన పక్షం చేరింది. "అవును నాయనా, దానికి నీళ్ళు ఎవరు పెడతాండారు?"

ఆటో అంతా నవ్వులు. మేం దిగాల్సిన చోటు దాటిపోయాం.

పంతం పట్టి నేనే ఒక నవల మొదలుపెట్టాను. చంద్రుడి మీద ఊరు. మొదటి అధ్యాయంలోనే బోరు వేయించి, నీళ్ళు పైకి ఎగజిమ్మించాను. వదిన ఊపిరి బిగబట్టి చదివింది. ఈసారి దొరకనులే అనుకున్నాను.

ఆమె వేలు మళ్ళీ పేజీల మధ్యకు వెళ్ళింది.

"శానా బాగుండాదప్పా. అయితే టెంకాయ కొట్టకుండానే బోరేసినారే, నీళ్ళెట్ల పడినాయి?"

ఇప్పుడు నా నవల, రాకెట్‌లోకి భద్రంగా ఎక్కిస్తున్న ఒక టెంకాయతో మొదలవుతుంది.